లేని రోజు

తమ తర్వాత బిడ్డ ఎట్లా బతుకుతుందోనన్న బెంగతో వీలునామా రాయించడానికి వచ్చిన తల్లిదండ్రులను, వకీలు కుముదినిగారు ముందు ఒక రోజు చచ్చిపొమ్మనేవారు. మాట కటువే. ఆవిడ అనే తీరుకి మాత్రం ఎవరూ నొచ్చుకునేవారు కాదు. పొద్దున ఏడింటికల్లా ఆ భార్యాభర్తలు వచ్చి ఆవిడ ఆఫీసులో కూర్చోవాలి. సాయంత్రం ఆరు దాకా ఇంటికి ఫోను కూడా చేయకూడదు. బిడ్డను చూసుకుంటారని ఎవరి పేరు రాయబోతున్నారో వాళ్లు ఆ పగలంతా ఆ ఇంట్లో గడపాలి. దీన్ని నరసరావుపేట కోర్టులో అందరూ 'లేని రోజు' అనేవాళ్లు. అది గడిస్తేగాని ఆవిడ కలం మూత తీసేవారు కాదు.

ఆవిడ దగ్గర కొత్తగా చేరిన జూనియరు మస్తాన్‌వలికి ఇది అనవసరపు తతంగంగా కనిపించేది. అతను లెక్కల్లో దిట్ట. శేషగిరి, రమణమ్మల కేసును తనే అడిగి తీసుకున్నాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, మైథిలి. వయసు ముప్ఫై నాలుగు, మనసు నాలుగేళ్ల పిల్లది, వచ్చిన మాటలు ఓ పది. ఇల్లు ఆమె పేరనే పెడితే ఎవరైనా వేలిముద్ర వేయించుకుని లాగేసుకోవచ్చని, దాన్ని ట్రస్టు కింద ఉంచేలా వలి వారం తిరక్కుండా దస్తావేజు సిద్ధం చేశాడు. రమణమ్మను కూర్చోబెట్టి పిల్లకి కావలసినవన్నీ రాసుకుంటే నలభై రెండు అంశాలు తేలాయి. సంరక్షకుడి కోసం ముగ్గురు బంధువులకు వయసు, ఆరోగ్యం, ఉద్యోగం, దూరం చూసి మార్కులు వేశాడు. శేషగిరి తమ్ముడు చలపతికి నూటికి తొంభై ఒకటి వచ్చాయి.

"మేడమ్, ఈ బిడ్డని ఎవరి చేతిలో పెట్టాలన్నదే గదా ప్రశ్న? జవాబు తేలిపోయింది. ఇంక లేని రోజు ఎందుకండీ?" అని అడిగాడు.

"తొంభై ఒకటే! నాకు లా పరీక్షలో కూడా అన్ని రాలేదయ్యా," అన్నారు కుముదినిగారు. "ఆ మిగతా తొమ్మిది ఎక్కడ పోయాయో చూసిరా. వాళ్లింట్లో ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చో. నోరు మాత్రం విప్పకు."

గురువారం ఏడింటికి చలపతి జాబితా చేతబట్టుకుని అన్నగారింటికి వచ్చాడు. వస్తూనే గేటుకి తాళం వేశాడు. సందులో లారీలు తిరుగుతాయి, పిల్ల బయటికి పోతే ఎట్లా అని. జాగ్రత్త గల మనిషి అనుకుని వలి మనసులోనే ఇంకో మార్కు కలిపాడు. స్నానానికి నీళ్లు, ఇడ్లీ, ఇడ్లీ తర్వాత మాత్ర, అన్నీ వేళకి జరిగాయి. పదింటికల్లా పద్దెనిమిది అంశాల పక్కన టిక్కులు పడ్డాయి.

పదిన్నరకి మైథిలి వంటింట్లోకి వెళ్లి, పెద్ద స్టీలు గ్లాసు నిండా మజ్జిగ పోసుకుని గేటు దాకా నడిచింది. తాళం చూసి ఆగిపోయింది.

"తాగు తల్లీ," అన్నాడు చలపతి. ఆమె తల అడ్డంగా ఊపింది. "నాకా? మా బంగారమే!" అని అతను గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు. మైథిలి అతని మొహంలోకి అదోలా చూసి, లోపలికి వెళ్లి మళ్లీ పోసుకొచ్చింది. ఈసారి ఇవ్వలేదు. గ్లాసు ఒళ్లో పెట్టుకుని గేటు దగ్గరే చతికిలబడింది. కాసేపటికి చప్పుడు లేకుండా కన్నీళ్లు కారడం మొదలైంది. అన్నం కలిపి తెస్తే నోరు తెరవలేదు. చలపతి జాబితా అంతా తిరగేశాడు.

"వలీగారూ, ఇది ఎన్నో నంబరండీ?"

వలి జాబితా అందుకుని వరసలన్నీ వేలితో వెతికాడు. నలభై రెండింటిలో మజ్జిగ మాటే లేదు.

పన్నెండున్నరకి ఎవరో గేటు పట్టుకుని దడదడలాడించారు. సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న నాంచారమ్మ. "మా మైథిలమ్మ ఏది? పొద్దు నడినెత్తికొచ్చింది, మజ్జిగ రాలా. జొరమొచ్చిందా?" అంటూనే చలపతిని చూసింది. "ఎవరయ్యా నువ్వు? ఈ తాళమేంది? పిల్లనేం చేస్తన్నావు?"

"నేను బాబాయినమ్మా!"

"బాబాయివైతే తాళమేస్తావా?"

చలపతి జేబులో తాళంచెవి వెతుక్కునేలోపే మైథిలి చువ్వల సందులోంచి గ్లాసు అందించింది. నాంచారమ్మ నిలబడ్డపాటున తాగి, గ్లాసు బోర్లించి చూపించింది. మైథిలి పకపకా నవ్వి, తనంతట తనే వెళ్లి కంచం ముందు కూర్చుంది.

"మా ఆయన పోయాక బండి దగ్గర నేనొక్కదాన్నే నిలబడ్డ మొదటి రోజు, ఈ సందులో ఒక్కరూ పలకరించలా," అంది నాంచారమ్మ, కొంగుతో మూతి తుడుచుకుంటూ. "ఈ తల్లే గ్లాసు పట్టుకొచ్చింది. నాలుగేళ్లాయె, ఒక్కనాడు తప్పలా. అందుకే మనసాగక ఇస్త్రీపెట్టె బొగ్గులతో వదిలేసి వచ్చా. పోతా, ఎవరి చీర కాలుతుందో ఏమో!"

సాయంత్రం చలపతి మైథిలిని వెంటబెట్టుకుని తనే ఆఫీసుకి వచ్చి జరిగింది దాచకుండా చెప్పాడు. రెండో గ్లాసు సంగతి వినేసరికి రమణమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, అది చెప్పనే లేదు! పిల్లకి ఏం కావాలని అడిగాడు ఈ వకీలబ్బాయి. అది పిల్ల చేసే పని గదా అని..."

"వదినా, నా పేరు తీసేయొద్దు," అన్నాడు చలపతి. "పిల్లని కళ్లల్లో పెట్టుకుంటా. కానీ ఇవాళ నన్ను నిలదీసిందే, ఆమెకి ఏ రోజైనా ఏ వేళైనా లోపలికొచ్చి పిల్లని చూసే హక్కు రాయించండి. నాకూ ధైర్యంగా ఉంటుంది."

రమణమ్మ ఎవరికని లేకుండా రెండు చేతులూ జోడించింది. "మేం పోయాక దీన్ని ఎవరు చూస్తారని ముప్ఫై నాలుగేళ్లు ఏడ్చానమ్మా. దీనికోసం పని మానుకుని వచ్చి గేటు కొట్టే మనిషి మా సందులోనే ఉందని తెలీలేదు." శేషగిరి తల తిప్పుకుని కళ్లజోడు తుడుచుకున్నాడు.

వాళ్లు మెట్లు దిగుతుంటే వలి మార్కుల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచాడు. పొద్దున మూల కుర్చీలో కూర్చోబెట్టినందుకు ఈవిడకి ఎట్లా దణ్ణం పెట్టాలో అతనికి తోచలేదు. తెల్లకాగితం ముందేసుకుని, నెమ్మదిగా అడిగాడు.

"ఎవరి చేతిలో పెట్టాలని రాయమంటారు మేడమ్?"

కుముదినిగారు కలం మూత తీశారు.

"రాద్దాంలే. ముందు వాళ్లని కేకేసి, ఆ గేటు తాళానికి రెండో చెవి చేయించమను."