దళవాయిగారి గుర్రపుశాల

వెనకటికి ఒక రాజ్యంలో సేనలను నడిపే దళవాయి భైరవయ్యగారికి కొత్త గుర్రపుశాల కట్టించాలని బుద్ధి పుట్టింది. తాపీమేస్త్రీ గవరయ్యను పిలిపించి, "ఎన్నాళ్ళలో కడతావు?" అని అడిగాడు.

"తొంభై రోజులు దొరా."

"మిగతా మేస్త్రీలు అరవై అన్నారే! ఒప్పుకున్న గడువు ఒక్కరోజు దాటినా నీ తాపీ లాక్కుంటాను. ఈ రాజ్యంలో మళ్ళీ ఇటుక ముట్టనివ్వను, తెలుసా?"

"తెలిసే చెప్పాను దొరా," అంటూ గవరయ్య సంచిలోంచి మూడు తాటాకు కట్టలు తీశాడు. ఏ పనిలో ఎన్ని రోజులు వృథా అయ్యాయో ఆకుల మీద రాసుకుని, కారణాన్ని బట్టి వేరువేరుగా కట్టుకోవడం అతని అలవాటు. "ఇది వాన కట్ట. ఇదేమో సున్నం అందక పని ఆగిన రోజులది."

"మరి ఆ లావుపాటిది?"

గవరయ్య కాస్త నసిగాడు. "కట్టించేవాళ్ళ మనసు మారడం వల్ల వృథా అయిన రోజులది దొరా. దానికని పాతిక రోజులు వేశాను."

దళవాయికి కోపం వచ్చింది. "నాది ఒకటే మాట! అది తీసి అవతల పెట్టు. అరవై అయిదని రాసుకో."

"చిత్తం. ద్వారం ఎటు పెట్టమంటారు?"

"తూర్పుకి."

గవరయ్య రాసుకున్నాడు.

"ఆగాగు, పొద్దుటెండ గుర్రాల కళ్ళలో పడుతుంది. దక్షిణానికి పెట్టు."

గవరయ్య కొట్టేసి మళ్ళీ రాశాడు.

"అటునుంచి వంటశాల పొగ వస్తుందేమో! ఉత్తరమైతే..."

గవరయ్య ఆ లావుపాటి కట్టను మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు. అది చూసి దళవాయి పకపకా నవ్వేశాడు.

"సరేలేవయ్యా, తొంభయ్యే రాసుకో. అవునుగానీ, తూర్పే నయమంటావా?"

"నిదానంగా ఆలోచించుకోండి దొరా. మీకింకా పాతిక రోజులున్నాయి."