పిట్టల వాటా

ఎర్రన్న గురువును ఏ ప్రశ్న అడిగినా, ముందు ఆయన అడిగేది ఒకటే: "తిన్నావా?" జీవుడెవరు, దేవుడెవరు అని తేల్చుకుందామని పొరుగూళ్ళ నుంచి నడిచొచ్చిన వాళ్ళకు ఇది కాస్త చిన్నతనంగా ఉండేది. మాకు అలవాటైపోయింది. తిన్నామంటే కూర్చోమంటాడు, లేదంటే ముందు గంజి పోయిస్తాడు. ఆయన ఎవరితోనైనా వాదించగా మాత్రం నేనెన్నడూ చూడలేదు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం తవిటయ్య వచ్చాడు. అప్పటికి నెలన్నరగా మా పాలెంలో ఏ తెప్పకూ సరిగా చేప పడడం లేదు. సముద్రం వేడెక్కిందని తెలుసుకోవడానికి ఎవరూ చెప్పక్కర్లేదు, నీళ్ళలో చెయ్యి పెడితే చాలు. మా ఊళ్ళో తాతల నాటి ఆచారం ఒకటుంది. మొదటి వలలో పడ్డ చేపలోంచి ఒక దోసెడు తీసి, తెప్ప చుట్టూ తిరిగే సముద్రపు పిట్టలకు విసురుతాం. దాన్ని పిట్టల వాటా అంటాం. అది మా మంచితనమనే నేనూ అనుకునేవాణ్ణి. మా పాలెం వాళ్ళకు ఆ గర్వం కాస్త ఎక్కువే. తవిటయ్యకు ఆ రోజు పడిందే మూడు దోసెళ్ళు. వాటా వెయ్యకుండా ఒడ్డుకు తెచ్చేశాడు. ఒడ్డున పెద్దలు నలుగురిలో నిలబెట్టి నానా మాటలూ అన్నారు. ఆ మంట మీదే గురువు దగ్గరికి వచ్చాడు.

తిన్నావా అంటే లేదన్నాడు. గంజి తాగమంటే తాగనన్నాడు.

"ఈ ఎండ నాను కాయించినానా గురువుగోరూ? సముద్రాన్ని నాను మరిగించినానా? ఇంటికాడ పిల్లలు పస్తులుంతన్నారు. నా తప్పు కానిదానికి నానెందుకు పెట్టాలి వాటా?"

గురువు కాదనలేదు. గంజి ముంత అతని పక్కనే పెట్టి, మాకెవరికీ అంతవరకు చెప్పని సంగతి ఒకటి చెప్పాడు.

బోధ పుచ్చుకుని గురువు కాక ముందు ఆయన ఇరవై ఏళ్ళు తెప్ప నడిపాడు. చేప జాడకు ఆయనకు పిట్టలే దిక్కు. పిట్టల గుంపు ఎక్కడ నీళ్ళ మీద గిరికీలు కొడితే అక్కడ వల వేసేవాడు. వల వట్టిగా లేచేది కాదు. ఇలాంటి వేసవే అప్పుడూ ఒకటి వచ్చింది. పైనీళ్ళు వేడెక్కేసరికి, పిట్టలు తినే నెత్తళ్ళనే చిన్న చేపలు చల్లదనం వెతుక్కుంటూ లోతుకు దిగిపోయాయి. ఆ పిట్టలు మునగగలిగేది జానెడో మూరెడో. అంతకు కిందున్నది వాటికి లేనట్టే.

ఒక రోజు పొద్దున్నే, నది సముద్రంలో కలిసే మొగ దాటగానే పిట్టలు వచ్చి ఆయన తెప్ప మీద తిరగసాగాయి. చేప ఉందని సంబరపడి వల వేశాడు. ఏమీ పడలేదు. ఇంకాస్త లోపలికి పోయాడు, పిట్టలూ వచ్చాయి. మళ్ళీ వేశాడు. పిట్టలు తిరుగుతున్నాయి కాబట్టి కింద చేప ఉందని ఆయన వల వేస్తున్నాడు; వల పడుతోంది కాబట్టి వాటా వస్తుందని పిట్టలు తిరుగుతున్నాయి. అలా ఒకరినొకరు నమ్ముకుని ఒడ్డు కనపడనంత దూరం పోయారు. ఎండ నడినెత్తికి వచ్చాక గానీ ఆయనకు తట్టలేదు. మంచి రోజుల్లో పిట్టలు తెప్పకు ముందుండేవి. ఆ రోజు పొద్దుటి నుంచీ వెనకే వస్తున్నాయి.

అది తట్టగానే ఆయనకు వాటి పిల్లలు గుర్తొచ్చాయి. పిట్టలు పిల్లల్ని లేపే కాలం అది. మొగ దగ్గరి ఇసుక దిబ్బ మీద, చెట్టూ చేమా లేని చోట, వాటి పిల్లలుంటాయి. ఒక పిట్ట మేతకు పోతే రెండోది రెక్కలు విప్పి పిల్లకు నీడ పట్టాలి. లేకపోతే కాలే ఆ ఇసుక మీద పిల్ల ఎంతోసేపు బతకదు. ఆ ఏడు ఆకలికి తాళలేక తల్లీ తండ్రీ రెండూ ఆయన వెంట వచ్చేశాయి.

వెంటనే తెప్ప తిప్పాడు. పిట్టలూ తిరిగాయి. కానీ వాటి దారిన అవి ఎగిరిపోలేదు. వాటా వస్తుందేమోనని తెప్పతోనే, తెప్ప నడకతోనే వచ్చాయి. వాటిని తరమాలని తెడ్డు ఊపాడు, కేకలు పెట్టాడు, చివరికి ఏడ్చాడు. అన్నేళ్ళుగా ఆ చేతి మేత తిన్న పిట్టలు ఆ చేతిని చూసి బెదరలేదు.

దిబ్బ చేరేసరికి పొద్దు వాలింది గానీ ఎండ తగ్గలేదు. ఇసుక మీద పిల్లలు గవ్వల్లా పడి ఉన్నాయి. ఎన్నో గురువు చెప్పలేదు, మేమూ అడగలేదు. పిట్టలు దిగి, ఒక్కొక్కటీ తన పిల్లను వెతుక్కుని, వట్టి ముక్కుతో తట్టి చూశాయి. చాలాసేపు అరిచి అరిచి లేచిపోయాయి. ఒకటి మాత్రం పోలేదు. చచ్చిన పిల్ల పక్కన, ఎండ వచ్చే వైపు నిలబడి, రెక్కలు విప్పింది.

గురువు అక్కడితో ఆపాడు. నాకు ఆయన ముసలి చేతుల వైపు చూడబుద్ధి కాలేదు. చివరికి తవిటయ్యే, కోపమంతా దిగిపోయిన గొంతుతో, ఆయన్ని ఓదార్చబోయాడు.

"మీరేటి సేత్తారు గురువుగోరూ? కావాలని సేసినారా? సముద్రం ఏడెక్కితే అది మీ తప్పా?"

గురువు గంజి ముంత తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఆ పిట్ట పొద్దుగూకేదాకా రెక్క దించనేదురా తవిటయ్యా. ఆ ఎండ అది కాయించింది కాదు."