నీలితొట్టిని చంపిందెవరు?

అనగా అనగా, మీ తాతల తాతలు ఉయ్యాలలో ఊగే రోజుల్లో, ఏటి ఒడ్డున నీలగుంట అని ఒక పల్లె ఉండేది. అక్కడ అందరిదీ ఒకటే పని, బట్టలకు నీలిరంగు వేయడం. ఎవరి చేయి చూసినా మోచేతి దాకా నీలమే.

ఇంటింటికీ పెరట్లో మెడ దాకా భూమిలో పాతిన పెద్ద కాగు ఒకటి. దాన్ని తొట్టి అనేవారు. అందులో నీలిమందు, సున్నం, తగిరిస అనే కలుపుమొక్క గింజలు ఉడకబెట్టిన నీళ్లు పోసి పులియబెట్టేవారు. పులిసిన తొట్టిలో బట్ట ముంచి తీస్తే ఆకుపచ్చగా వస్తుంది. గాలి తగలగానే కళ్లముందే నీలంగా మారిపోతుంది. అబ్బ, ఆ వింత చూడ్డానికి రెండు కళ్లూ చాలవు! కానీ ఒక్కోసారి పులుపు చెడి, బట్టకు రంగు పట్టడం మానేస్తుంది. అప్పుడు "తొట్టి చచ్చింది" అనేవారు. తొట్టి చస్తే ఆ ఇంటికి పనీ లేదు, కూడూ లేదు.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. కొత్త కోడలు వచ్చిన మూడో రోజు తొట్టికి పూజ చేసి, ఆమెను తొట్టిలోకి చూడమనేవారు. నెల తిరక్కుండా తొట్టి చచ్చిందా, కోడలి చూపు మంచిది కాదని పుట్టింటికి పంపేసేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు. పెద్దలు పెట్టింది కదా!

ఎందుకని అడిగే మనిషి ఒక్కడే ఉన్నాడు. పేరు అంకయ్య. యాభై దాటిన ఒంటిగాడు. బట్ట పిండడం మర్చిపోయి, ఆకుపచ్చ నీలంగా ఎందుకు మారుతోందా అని చూస్తూ నిలబడిపోయేవాడు. "అంకయ్య ఆలోచన తేలేలోపు మన బట్టలు పేలికలైపోతాయి" అని ఊరంతా నవ్వేది. నవ్వితే నవ్వారు పాపం. అతని సంగతేమిటో మీరే చూద్దురుగాని.

ఆ ఏడు మాఘమాసంలో, పక్కింటి పేరమ్మ తన కొడుకు సింహాద్రికి పెళ్లి చేసింది. కోడలు నాంచారి చలాకీ పిల్ల. మూడో రోజు తొట్టిలోకి చూసింది. ఎనిమిదో రోజుకి తొట్టి చచ్చింది.

పేరమ్మ గుండెలు బాదుకుంది. "నా కొంప ముంచావే తల్లీ! మూట కట్టుకో!"

"నేనేం చేశాను అత్తా? చూడమంటేనే కదా చూశాను!" అని నాంచారి బావురుమంది. సింహాద్రి తల్లి వెనక తల వంచుకుని నిలబడ్డాడు. ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

అప్పుడు అంకయ్య గోడ దాటి వచ్చాడు. "ఆగు వదినా. చూపు వల్లే చచ్చిందని నీకెలా తెలుసు?"

"ఊరందరికీ తెలుసు!"

"ఊరికి ఎలా తెలుసు?"

విషయం ఊరిపెద్ద రోశయ్య దాకా వెళ్లింది. రోశయ్య మీసం దువ్వి, "సరే అంకయ్యా, పున్నమి దాకా గడువు. ఈలోపు నిజం తేల్చావా, పిల్ల ఉంటుంది. లేదా, వెళ్తుంది" అన్నాడు.

మర్నాడే అంకయ్య ఊరిని పిలిచాడు. "నాంచారి రోజూ మా పెరట్లోకి వచ్చి, నా తొట్టిలోకి కూడా తొంగి చూస్తోంది. నా తొట్టి నిక్షేపంలా ఉంది. చూపే చంపేదైతే అదీ చావాలి కదా?"

నిజమే కదా! జనం తలలూపారు. రోశయ్య కూడా, "పిల్ల తప్పు లేదు" అనేశాడు. నాంచారి ముఖం వెలిగిపోయింది. ఇంకేం, కథ కంచికి పోయినట్టే అనుకుంటున్నారా? అక్కడే ఉంది అసలు సంగతి.

సాయంత్రం జనం ఇంకా ఉండగానే అంకయ్య రోశయ్య దగ్గరికి మళ్లీ వచ్చాడు. ముఖం మాడిపోయి ఉంది. "పెద్దయ్యా, నా మాట చెల్లదు. కోడలి చూపు తన ఇంటి తొట్టికే తగులుతుందని కదా ఆచారం చెప్పేది? నా తొట్టి ఆమె ఇంటిది కాదు. కాబట్టి నేనేమీ తేల్చలేదు."

జనం నోళ్లు వెళ్లబెట్టారు. గెలిచిన వాడు తన గెలుపును తానే పడగొట్టుకోవడం వాళ్లెప్పుడూ చూడలేదు మరి! పేరమ్మ సంబరపడింది. నాంచారి మాత్రం ఏడుస్తూ, "మామా, ఎవరూ అడగలేదే! నువ్వెందుకు చెప్పావు?" అంది.

"ఈరోజు ఎవరూ అడగలేదమ్మా. రేపు ఇంకో తొట్టి చస్తే అడుగుతారు. అప్పుడు నిన్ను నిలబెట్టడానికి ఏమీ ఉండదు" అన్నాడు అంకయ్య. చెప్పాడే గానీ, ఆ పిల్ల ఏడుపు చూసి అతనికి ఆ పూట అన్నం సయించలేదు.

రెండోసారి ఆలోచించాడు. పేరమ్మ ఈసారి కొత్త సున్నం వేసిందట. అదే కారణమేమో! గబగబా వెళ్లి విచారించాడు. అదే సున్నం ఇంకో ఐదిళ్లవాళ్లూ వేశారు. ఐదు తొట్లూ బతికే ఉన్నాయి. "ఇదీ కాదు" అని తానే చెప్పేశాడు. "రోజుకో మాట, పూటకో మాట! ఇదా నీ ఆలోచన?" అని రోశయ్య విసుక్కున్నాడు.

"మాట మారినా వెతికేది ఒకటే పెద్దయ్యా" అన్నాడు అంకయ్య.

మూడోసారి అతను ఊరందరిలోకీ పెద్దదైన సుబ్బవ్వ దగ్గర కూర్చున్నాడు. "అవ్వా, నీకు తెలిసి ఎంతమంది కోడళ్లు వెనక్కి వెళ్లారు? ఏ నెలలో వచ్చిన వాళ్లు?"

"ముగ్గురు నాయనా. మా పక్కింటి ముసలాయన కోడలు మార్గశిరంలో వచ్చింది. గవరయ్య పెళ్లాం మాఘంలో. మూడోది..." అవ్వ ఆగిపోయింది.

"చెప్పు అవ్వా."

"నీ పెళ్లాం ఎరకమ్మ. అదీ మాఘమే కదరా."

ముప్పై ఏళ్ల కిందట అంకయ్య కూడా సింహాద్రిలాగే తల్లి వెనక నిలబడ్డాడు. ఎరకమ్మ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్లింది. ఇప్పుడు ఆచారమే తప్పని తేలితే, తాను చేసింది ఎంత పాపం! ఇక్కడితో ఆగిపోతే ఆ బాధ ఉండదు. ఆగాలనే అనిపించింది. కానీ అవతల నాంచారి ఉంది. "పూజ ఎలా చేస్తారు అవ్వా? మొదటి నుంచి చెప్పు" అన్నాడు.

"ఏముందిరా? పొద్దున్నే తొట్టి మీద గడ్డి, మూత తీసేస్తాం. వీధివీధంతా వచ్చి పసుపూ కుంకుమా పెట్టి, పాటలు పాడతారు. పొద్దుగూకాక కోడలు చూస్తుంది. అప్పుడు మూత."

అంకయ్య చటుక్కున లేచాడు. చలికాలంలో పగలంతా మూత లేకుండా! ఆ చలిగాలికే పులుపు చెడుతోందేమో! మిగతా రోజుల్లో బట్ట ముంచేంత సేపే తీస్తారు. ఎండాకాలం కోడళ్లంతా మంచి చూపు వాళ్లు, చలికాలం కోడళ్లే చెడ్డ చూపు వాళ్లా?

ఈసారి అతను గెలిచానని చెప్పలేదు. "నా ఆలోచన మళ్లీ తప్పు కావచ్చు. పరీక్ష పెట్టండి" అన్నాడు. ముప్పై ఏళ్లుగా చావని తన తొట్టి మూత తీయించి, పగలంతా ఈదురుగాలికి వదిలేశాడు. ఏ ఆడమనిషీ అటు చూడకుండా రోశయ్యను కాపలా కూర్చోమన్నాడు. పేరమ్మ చేత కొత్త తొట్టి వేయించి, పులిసేదాకా ఆగి, దాని మీద దట్టంగా గడ్డి కప్పించాడు. నాంచారిని పూటకోసారి మూత అంచు ఎత్తి, అందులోకి తేరిపార చూడమన్నాడు.

పున్నమి వచ్చింది. ఊరంతా కూడింది. నాంచారి చూసిన తొట్టిలో ముంచిన బట్ట నీలాకాశంలా మెరిసింది. ఎవరూ చూడని అంకయ్య తొట్టిలో ముంచిన బట్ట బూడిద రంగులో, కంపు కొడుతూ బయటికొచ్చింది.

తన కూడు తానే పోగొట్టుకున్న ఆ మనిషిని చూసి ఎవరికీ నవ్వు రాలేదు. పేరమ్మ కోడలిని కావలించుకుని ఏడ్చింది. రోశయ్య తలపాగా తీసి, "అంకయ్యా, మేం ఇన్నాళ్లూ ఆచారం అనుకుని మా చేతులతోనే తొట్లను చంపాం, ఆడపిల్లల మీద నింద వేశాం. మా అందరి బుర్రలూ కలిపినా నీ కాలిగోటికి సరిపోవు" అన్నాడు. ఆ మాట నిజంరా పిల్లలూ, అలాంటి మనిషి నూటికో కోటికో ఒక్కడు పుడతాడు.

అంకయ్య ఆ పొగడ్త వినడానికి అక్కడ లేడు. అప్పటికే ఏరు దాటి నడుస్తున్నాడు.

మూడో ఊళ్లో, ఒక పాక ముందు బియ్యం చెరుగుతోంది తల నెరిసిన ఎరకమ్మ. అంకయ్య ఆమె ముందు చేతులు జోడించి జరిగిందంతా చెప్పాడు. "నీ చూపులో ఏ దోషమూ లేదు. దోషం నాది. ఆ రోజు నేను ఒక్క మాట అడగలేదు" అన్నాడు.

ఎరకమ్మ చేట పక్కన పెట్టి, అతన్ని ఎగాదిగా చూసింది. "ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. నీకు తెలియడానికి ముప్పై ఏళ్లు పట్టిందా?" అంది. ఆ తర్వాత కళ్లు తుడుచుకుని, "ఎండన పడి వచ్చావు, లోపలికి రా. మజ్జిగ తాగుదువుగాని" అంది.

పిల్లలూ, ఆలోచన మనిషిని నిజం దగ్గరికి చేరుస్తుంది. కాకపోతే తన తప్పు తానే పట్టుకుని, అది తనదేనని ఒప్పుకునే వాడినే చేరుస్తుంది.