తవిటమ్మ కొంగు ముడి

ఏళ్లు లెక్కపెట్టేవాళ్లు ఇంకా పుట్టని కాలం. అనగా అనగా ఏటి ఒడ్డున ఒక మందుసాల. మందుసాల అంటే జబ్బు మనుషుల్ని ఉంచి చూసే పెద్ద తాటాకు సాల. కట్టించినవాడు దొర. మందు చెప్పేవాడు వైద్యుడు. చూసేది తవిటమ్మ.

చూడడమంటే కళ్లతో చూడడమనుకునేరు. కడగాలి, తుడవాలి, తినిపించాలి, పక్క మార్చాలి. మూలిగితే "ఏటి తల్లీ" అని పలకాలి. అదంతా చూడడమే.

ఆ పేరు ఎందుకొచ్చిందంటే, ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదు. నాలుగోసారి పుట్టిన ఈమెను వాళ్లమ్మ చేటలో పెట్టి పక్కింటికి ఇచ్చేసింది. చేటెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కుంది. తవుడికి కొన్న పిల్లని చావు కూడా చులకన చేసి వదిలేస్తుందని నమ్మకం. వదిలేసింది మరి.

ఆ సాలలోనే పోలయ్య ఉండేవాడు. ఒకప్పుడు పల్లకీ మోసిన బోయీ. మోకాలు చెడితే తోటి బోయీలు దారిలో దింపేసి పోయారు. వాడికి ఊరూ లేదు, అయినవాళ్లూ లేరు. తవిటమ్మ చేరదీసింది. రోగిని లేపాలన్నా, పక్క మార్చాలన్నా పోలయ్యే. ఎంత బరువు మనిషినైనా పసిగుడ్డులా ఎత్తేవాడు. ఆ పక్క అక్కని అప్ప అంటారు. వాడు ఆమెను "అప్పా" అనేవాడు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఎవరికైనా పని అప్పగిస్తే తన కొంగున ముడి వేసుకునేది. వేస్తూ మూడు మాటలు అడిగేది.

"ఏటి సెయ్యాల?"

"ఎలగ సెయ్యాల?"

"తేడా వొస్తే ఎవుల్ని పిలవాల?"

మూడింటికీ జవాబు వస్తేనే పంపేది. పనయ్యాక తనే వెళ్లి చూసుకునేది. చూశాకే ముడి విప్పేది.

పోలయ్యకి నవ్వొచ్చేది. "కుండతో నీలు తెమ్మన్నా ముడేనా అప్పా? నీ కొంగు సూసి వల అనుకొని ఏట్లో సేపలు బెదిరిపోతన్నాయి."

"బెదరనీ. పని నీ సేతిలో ఉంటాది. ముడి నా కొంగునే ఉంటాది."

"రోగులకి నానూ గంజి పడతాను. ఓపాలి నా సేతికియ్యి."

"ఎత్తే బుజం నీది, పట్టే సెయ్యి నాది. నేరిపిస్తాను, ఆగు."

ఇలా ఉండగా ఒకనాడు దొరగారి మేనమామ జగ్గరాజుగారిని సాలకి తెచ్చారు. దొరని చిన్నప్పుడు భుజాన మోసి పెంచిన మనిషి. ఇప్పుడాయనకి కుడిపక్క పడిపోయింది. చెయ్యి లేవదు, కాలు లేవదు, మాట రాదు. దొర వైద్యుడితో "చూసుకోండి" అన్నాడు. వైద్యుడు తవిటమ్మతో "చూసుకో" అన్నాడు. దొర వెళ్లిపోయాడు. ఒక నెల రాలేదు, రెండో నెల రాలేదు, మూడో నెలా రాలేదు.

పక్క పడిపోయిన మనిషి మింగడం కూడా మళ్లీ నేర్చుకోవాలి. పోలయ్య ఆయన్ని లేపి కూచోబెట్టి వెళ్లేవాడు. తవిటమ్మ ఆయన గడ్డం కొంచెం వంచి, ఉగ్గుగిన్నెతో గుక్కెడు గంజి పోసి, గొంతు దగ్గర చెవి పెట్టేది. గుటక వినపడ్డాకే రెండో గుక్క. ఎందుకు లేపమంటుందో పోలయ్యకి తెలియదు. నడుం నొప్పెట్టకుండా అనుకునేవాడు.

ఒక మధ్యాహ్నం గడ్డిబండి తిరగబడింది. ముగ్గురిని మోసుకొచ్చారు. ముగ్గురికీ నెత్తురు. వైద్యుడు పొరుగూరు వెళ్లాడు. తవిటమ్మ ఒక్కతే. జగ్గరాజుగారికి గంజి వేళయింది. చల్లారిన గంజి తాగరాయన.

ఆమె ఉగ్గుగిన్నె పోలయ్య చేతిలో పెట్టింది. నెత్తుటి చేతులతోనే కొంగున ముడి వేసుకుంది.

"ఏటి సెయ్యాల?"

"రాజుగోరికి గంజి పట్టాల."

రెండో మాట అడగబోయింది. అవతల పసివాడొకడు కెవ్వుమన్నాడు. పరుగెత్తింది.

పోలయ్య వెళ్లేసరికి జగ్గరాజుగారు కునుకు తీస్తున్నారు. బోయీలకి ఒక నియమం ఉంటుంది. పల్లకీలో మనిషి కన్ను మూస్తే కుదుపు రాకూడదు. ఇరవై ఏళ్లు మోసిన నియమం అది, వాడి ఎముకల్లో ఉంది. అందుకని లేపలేదు. తల కింద చెయ్యైనా పెట్టలేదు. పడుకున్న మనిషి నోట్లోకే ఎంతో ప్రేమగా గంజి వంపాడు.

గుటక పడలేదు. గరగరమంది. ముఖం నేరేడుపండులా అయింది. పోలయ్య ఆయన్ని రెండు చేతులా ఎత్తుకుని "అప్పా" అంటూ ఉరికాడు. తవిటమ్మ బోర్లా వంచి, వేళ్లతో నోరు శుభ్రం చేసి, వీపు చరిచింది. ఊపిరొచ్చింది. కానీ గంజి ఊపిరిదారిలోకి దిగిపోయింది. మూడు రోజులు జ్వరం. మూడు రోజులూ ఆమె ఆయన మంచం వదల్లేదు. నాలుగోనాడు చెమట పట్టింది, జ్వరం విడిచింది.

అయిదోనాడు దొర వచ్చాడు.

సాల ముందు సభ చేశాడు. వైద్యుడు మొదటే అన్నాడు: "నేను తవిటమ్మకి అప్పగించాను. ఈ బోయీవాడికి కాదు. తప్పు వీడిది."

"వీణ్ణి పొలిమేర దాటించండి" అన్నాడు దొర.

పోలయ్య చెడిన మోకాలు ఒత్తుకుంటూ నిలబడ్డాడు. ఎటు పోవాలో ఆ మోకాలికే తెలియదు.

తవిటమ్మ ముందుకొచ్చి కొంగు చాపింది. ముడి అలాగే ఉంది, ఎర్రగా ఎండిపోయి.

"ఆడు కాదు బాబూ. ముడి నా కొంగునుంది."

"గంజి పోసింది వాడు కదా?"

"పోసింది ఆడే. ఇచ్చింది నాను. మూడు మాటలు అడగాలి, ఒకటే అడిగేను. ఆడికి రాని పని ఆడి సేతిలో ఎట్టేను. ఎల్లి సూడనూ లేదు. పని సేతులు మారుతాది బాబూ, ముడి మారదు."

"అయితే నువ్వే పొలిమేర దాటు."

"దాటతాను. రాజుగోరికి ఎలగ పట్టాలో ఈడికి నేరిపించి దాటతాను."

దొరకి కోపం సగం దిగింది. "తెలిసినదానివి, ఎందుకడగలేదు?"

"ముగ్గురికి నెత్తురు కారతంది. నాకు రెండే సేతులు."

"నువ్వొక్కదానివేనా? నేను పెట్టింది ముగ్గురిని కదా?"

వైద్యుడు నెమ్మదిగా చెప్పాడు. "మిగతా ఇద్దర్నీ తమరి కోటలో పెళ్లి పనికి పిలిపించారు. పెళ్లయి ఏడాదైంది. తిరిగి పంపలేదు. నేనూ అడగలేదు."



అప్పుడు లోపలినుంచి మంచం మీద చప్పుడు. జగ్గరాజుగారు ఎడమచేత్తో మంచంపట్టె కొడుతున్నారు. దొర కళ్లతో సైగ చేస్తే పోలయ్య వెళ్లి ఆయన్ని ఎత్తుకొచ్చాడు. ఈసారి కూచోబెట్టినట్టుగా, తన గుండెకి ఆనించుకుని తెచ్చాడు.

ముసలాయన మేనల్లుడి కండువా అంచు పట్టుకున్నారు. ఎడమచేత్తో దాన్ని మెలిపెట్టారు. జారిపోయింది. మళ్లీ మెలిపెట్టారు. మళ్లీ జారింది. ఒంటిచేత్తో ముడి పడదు కదా. మూడోసారి పోలయ్య తన చెయ్యి ఒకటి వదులు చేసుకుని, కండువా రెండో కొస పట్టుకున్నాడు. ఆ చెయ్యీ ఈ చెయ్యీ కలిసి దొర కండువాకి ముడి వేశాయి.

దొర ఆ ముడి చూసుకున్నాడు. మేనమామ పాదాల దగ్గర కూచున్నాడు.

"రేపే ఇద్దర్నీ పంపుతాను" అన్నాడు. "ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు."

వైద్యుడు కూడా మెల్లగా తన ఉత్తరీయం కొస వెతుక్కున్నాడు.

తవిటమ్మ మాత్రం తప్పు తప్పేనంది. పట్టుబట్టి సాల గోడమీద సున్నంతో రాయించింది, "తవిటమ్మ అడగలేదు" అని. చదువు రాకపోయినా ఆ రెండు మాటలూ గుర్తుపట్టేది. కొత్తగా పనిలో చేరినవాళ్లకి వేలు పెట్టి చూపించేది. పోలయ్యకి గంజి పట్టడం నేర్పింది. దొర వారం వారం వచ్చి మేనమామని చూసి, అప్పటికి ముడి విప్పుకుని, వెళ్లేటప్పుడు మళ్లీ వేసుకునేవాడు.

ఏళ్లు గడిచాయి. ఒక తెల్లవారుజామున, చావుకి ఆ తవుడు పిల్ల గుర్తొచ్చింది. తవిటమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది.

స్నానం చేయించబోతే కొంగున ముడి ఉంది. ఆడవాళ్లు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఎవరికిచ్చిన పనో ఏమో, చూడకుండా విప్పితే ఎలా?

పోలయ్య అప్పటికి బాగా ముసలివాడు. "నాకిచ్చిందే" అన్నాడు. "మూల మంచం ముసల్దానికి పక్క మార్చమంది."

కుంటుకుంటూ లోపలికెళ్లాడు. ముసలమ్మ వీపు తడిమి చూశాడు. పుండు లేదు, తడి లేదు, ఎడమవైపు తిరిగి హాయిగా నిద్రపోతోంది. తిరిగొచ్చి తవిటమ్మ చెవి దగ్గర వంగాడు.

"సూసొచ్చేనప్పా" అన్నాడు. ముడి విప్పాడు.

అప్పుడు ఎత్తారు ఆమెని. పోలయ్యే ముందు పట్టాడు, కుదుపు రాకుండా.

ఆ ఏటి పక్క ఊళ్లలో ఇప్పటికీ అంతే. జబ్బు మనిషిని ఇంకొకరికి అప్పగించి పొలం వెళ్లే మనిషి తన కొంగున ముడి వేసుకుని మూడు మాటలూ అడుగుతుంది. వచ్చి, చూసి విప్పుకుంటుంది. పెద్దవాళ్లెవరైనా తప్పంతా చేతికింది మనిషి మీదికి తోస్తుంటే, ఎవరో ఒకరు మెల్లగా అడుగుతారు.

"అది సరే బాబూ, ముడి ఎవరి కొంగునుంది?"