వెనక గదిలో చెప్పిన మాట

పూర్వం ఒక ఊళ్లో బుట్టలల్లే పైడమ్మ పొద్దువాలే వేళ అద్దె ఇల్లు ఖాళీ చేస్తుంటే, ఇంటి యజమాని నాగలింగం షావుకారు వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు.

"నోటిమాట మీద ఇచ్చిన ఇల్లు. నెల ముందు మా ఇంట్లో ఎవరికో ఒకరికి చెప్పకుండా కదిలావో, నీ సామాన్లు నావే!"

పొద్దు వాలితే చాలు, వెనక గదిలో ఎవరో ఆకూవక్కా దంచుతున్న చప్పుడు. అందుకే పైడమ్మ ఇక అక్కడ ఉండలేకపోయింది.

"కిందటి నెలే చెప్పాను బాబూ, మీ అమ్మగారికి."

"ఆవిడ పోయి ఏడాదయింది!"

"మరి వెనక గదిలో రోజూ వక్క దంచుతున్నదెవరు? 'వాడికి నేను చెప్తాలే' అన్నారు. వెళ్లి అడగండి."

సరిగ్గా అప్పుడే లోపల టకటకమంది. షావుకారు పాలిపోయి దారి వదిలాడు.

ముసలమ్మతో తను మాట్లాడిందే లేదని నవ్వుకుంటూ పైడమ్మ గడప దాటింది. వెనక దంచుడు ఆగింది.

"నీకు చెప్పడం మరిచిపోయానురా, నాయనా," అంది ఓ ముసలి గొంతు.