జగ్గరాజు గారి జీపులో నూరు గుర్రాలు

రాజ్యాలెప్పుడో పోయాయి గానీ, వెలగలకోట జగ్గరాజు గారి కొలువు మాత్రం పోలేదండీ. రోజూ పొద్దున్నే ఆయన గద్దె ఎక్కాల్సిందే, చుట్టూ నలుగురూ చేరి చిత్తం చిత్తం అనాల్సిందే.

ఆ రోజు ఆయన మొహం మాడిపోయి ఉంది.

"పరువు గంగలో కలిసింది! నిన్న దుర్గమ్మ కొండ ఎక్కుతుంటే మన జీపు సగంలో చతికిలబడింది. భక్తులు వచ్చి తోశారు. ఆ నందిపాలెం రాజు కొత్త బండిలో పక్కనుంచే పోతూ నవ్వాడయ్యా, నవ్వాడు!"

ఆ పెద్ద జీపు ఆయన నాన్నగారు కొన్నది. దివాణంలో మనుషులకన్నా దానికే మర్యాద ఎక్కువ.

"కొన్ననాడు దీనికి నూరు గుర్రాల బలం అన్నారు. ఆ గుర్రాలన్నీ ఏమైపోయాయి?"

వాహనశాల అధికారి పరాంకుశం ముందుకొచ్చాడు. ఆయనకన్నా ఆయన మీసం ముందొచ్చింది లెండి. "ముసలిదైపోయింది ప్రభూ. టర్బో పెట్టిద్దాం. గాలిని బలవంతంగా ఇంజను లోపలికి ఊదేస్తుంది."

"నోర్ముయ్! మా నాన్నగారి బండి నోట్లో ఎవడూ ఏదీ ఊదడానికి వీల్లేదు. ఉన్న ఊపిరితోనే ఎక్కాలి. శుక్రవారం మళ్లీ వెళ్తున్నాం."

కొలువులో హాస్యానికని పెట్టుకున్న బంగారయ్య ఫక్కున నవ్వేశాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

"నవ్వినాయన్నే ఎక్కించమనండి ప్రభూ," అన్నాడు పరాంకుశం తాపీగా.

"సరే! బండి కొండెక్కితే బహుమానం బంగారయ్యా. ఎక్కలేదో, ఏడాది పాటు నా కొలువులో నువ్వు నోరు విప్పకూడదు."

మాట అమ్ముకుని బతికేవాడి నోరు కట్టేస్తే ఇంకేం మిగులుతుంది? బంగారయ్య ఇంటికెళ్లి భార్యతో మొత్తుకుంటే, "ఆ మౌనమేదో ఇంట్లో కూడా ఉంటుందా అండీ?" అని ఆవిడ ఆశగా అడిగింది. అదీ ఆయన గతి.

మర్నాడు వాహనశాలకెళ్లి, డ్రైవరు సన్యాసి చేత బానెట్టు ఎత్తించాడు. ఇంజను గాలి పీల్చే గొట్టం మూతికి ఎర్రపట్టు గుడ్డ కట్టి ఉంది. దాని కింద ఇంకోటి. దాని కింద ఇంకోటి. ఉల్లిపాయ పొరలే!

"ఇదేంట్రా?"

"ఆయుధపూజ గుడ్డలండి. ఏటా పరాంకుశం గారు పసుపు రాసి కడతారు. పాతది విప్పితే అపచారమంటారు. వెనకాల పొగ గొట్టానికి ఆ ఇత్తడి సింహం కూడా ఆయన తొడిగించిందేనండి."

పొగ బయటికి రావాల్సిన సింహం నోట్లో బంగారయ్య చిటికెన వేలు కూడా పట్టలేదు.

ఆయనకి ఇంజన్ల గురించి ఓనమాలు రావు. కానీ పీల్చనివ్వక, వదలనివ్వక కూర్చోబెడితే ఎవరికైనా ఏమవుతుందో తెలియడానికి పెద్ద చదువెందుకు? గబుక్కున గుడ్డ మీద చెయ్యేశాడు.

"బాబ్బాబు, ముట్టుకోకండి! రాజుగారికి తెలిస్తే ఇద్దరికీ ఉద్వాసనే!" అని సన్యాసి హడలిపోయాడు.

అదీ నిజమే. రాజుగారికి అపచారమన్న మాట వింటే ఒళ్లంతా చెమట. బంగారయ్య చెబితే వేళాకోళం అంటారు. ఈ ముడి వేసినవాడి నోటితోనే విప్పమనిపించాలి.

శుక్రవారం కొండ కింద జనం కిటకిటలాడుతున్నారు. నందిపాలెం రాజు కూడా వేడుక చూడ్డానికి కొత్త బండిలో దిగాడు.

"ప్రభూ," అన్నాడు బంగారయ్య, "ఇన్నేళ్లూ జీపుకి పూజలు చేసిన పరాంకుశం గారికి మనం ఏనాడైనా మర్యాద చేశామా? బండికి జరిగినవన్నీ ఇవాళ ఆయనకీ జరగాలి. ఆయన ముందు కొండెక్కితే, వెనకాలే బండీ ఎక్కుతుంది."

"ఆహా, సబబుగా ఉంది," అన్నారు రాజుగారు.

పరాంకుశం ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. "అబ్బే, ఇవన్నీ ఎందుకండీ" అంటూనే మొహం ముందుకు చాపాడు.

బంగారయ్య ఎర్రపట్టు గుడ్డకి పసుపు రాసి, ఆయన ముక్కూ నోరూ కలిపి కట్టాడు. దాని మీద ఇంకోటి. దాని మీద ఇంకోటి.

"ఇం... ఇంకా ఎన్ని?"

"జీపుకి మీరెన్ని కట్టారో అన్నీనండి! ఊఁ, ఇక నడవండి."

మేళం మోగింది. పరాంకుశం పది అడుగులు దర్జాగా వేశాడు. తర్వాత రొప్పాడు. తర్వాత కళ్లు తేలేశాడు. మొదటి మలుపు దగ్గరే కూలబడి, రెండు చేతులా గుడ్డలన్నీ పీకి అవతల పారేశాడు.

"అపచారం, అపచారం!" బంగారయ్య లెంపలేసుకున్నాడు. "పూజ గుడ్డ విప్పకూడదని మీరే కదండీ అంటారు?"

"అపచారం లేదు, నీ పిండాకూడు లేదు! ఊపిరాడక చస్తుంటే విప్పక ఏం చెయ్యమంటావ్? మూతికి మూటలు కట్టి కొండెక్కమంటే ఎవడెక్కుతాడు?"

బంగారయ్య రాజుగారి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"విన్నారా ప్రభూ? మన జీపు కూడా అదే అంటోంది. పాపం, పీకి పారేసుకోడానికి దానికి చేతుల్లేవు."

సన్యాసి బానెట్టు ఎత్తాడు. రాజుగారు ఆ పొరల వంక చూశారు. పరాంకుశం వంక చూశారు.

"పరాంకుశం! నీ చేత్తోనే విప్పి, అమ్మవారికి దణ్ణం పెట్టి ఆ గుడ్డలు అప్పగించు. సన్యాసీ, ఆ సింహాన్ని ఊడబీకు!"

గుడ్డలు విప్పారు. సింహం ఊడింది. లోపలున్న ఫిల్టరు దులిపితే ఊరంత దుమ్ము రేగింది. తాళం తిప్పగానే జీపు ఒక్కసారి దగ్గి, గొంతు సవరించుకుని, కొండంతా అదిరేలా హూంకరించింది.

బంగారయ్య వెనక సీట్లో కళ్లు మూసుకుని అమ్మవారిని తలుచుకుంటూనే ఉన్నాడు. మొదటి మలుపు, రెండో మలుపు, నందిపాలెం రాజు కొత్త బండి, అన్నీ వెనకబడ్డాయి. కళ్లు తెరిచేసరికి ఎదురుగా గుడి గోపురం!

దర్శనం చేసుకుని జీపు దగ్గరికి వచ్చాక, రాజుగారు వేలి ఉంగరం తీసి బంగారయ్యకి తొడిగారు. "నూరు గుర్రాలూ తిరిగొచ్చాయోయ్! ఇక ఆ ఏడాది మౌనం పరాంకుశానికే వేస్తున్నా."

కాలినడకన అప్పుడే పైకి చేరిన పరాంకుశం మొహం పాలిపోయింది. బంగారయ్య కంగారుగా అడ్డుపడ్డాడు.

"అంత పని చెయ్యకండి ప్రభూ! ఆయన మాట్లాడ్డం మానేస్తే, ఇక కొలువులో నాకు పనేం ఉంటుంది?"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వుతూ జీపు మెట్టు మీదే కూలబడ్డారు.