పిలుపు ఆగిన డోలీ

అనగా అనగా, చెప్పేవాడికి ఓపికా వినేవాడికి ఊకొట్టే తీరికా ఉన్న కాలంలో, కోనగిరి అని ఒక కొండ ఉండేది. కొండ మీద నరసింహస్వామి. కొండ కింద ఊరు. మధ్యలో నిట్టనిలువు దారి. దారి పక్కనే లోయ.

ముసలివాళ్లూ నడవలేనివాళ్లూ స్వామిని చూడాలంటే డోలీ ఎక్కాల్సిందే. డోలీని నలుగురు బోయీలు మోసేవారు. వాళ్లకో ఆచారం ఉండేది. ఎవరి భుజం ముందు నొప్పెడితే వాడు "భుజమో!" అని కేక వేస్తాడు. నలుగురూ ఆగి భుజం మార్చుకుంటారు. ఒకడి నొప్పి నలుగురికీ ఊరట.

ఏదీ పిల్లలూ, మీరూ ఒకసారి అనండి. భుజమో! ఆఁ, అలాగే. తెల్లవారేసరికి కొండంతా ఆ కేకలతో మోగేది. మా స్వామిని నిద్రలేపేది మేం కాదు, బోయీలే అని పూజారులు నవ్వేవారు.

ఆ ఊరికి అనంతభట్టు అనే వైద్యుడు వచ్చాడు. చదువుకున్నవాడే. మొదట్లో నాడి చూసేవాడు, నూనె రాసేవాడు, "కొన్నాళ్లు బరువెత్తకు" అనేవాడు. బరువెత్తకపోతే బోయీకి తిండేదీ? ఒకడు కాళ్లావేళ్లా పడ్డాడు. భట్టు వాడికి నల్లమందుతో చేసిన చిన్న మాత్ర ఇచ్చాడు. నొప్పి మాయమైంది.

మర్నాడు గుమ్మం నిండా జనం. ఇక నాడి చూసే తీరికేదీ? చెయ్యి చాపితే చాలు, మాత్ర పడేది. ఊరు ఆయన్ని వైద్యరాజు అంది. ఆయన ఇల్లు మేడ అయింది.

కొండ మీద కేకలు తగ్గాయి. కొన్నాళ్లకు దాదాపు ఆగిపోయాయి. నొప్పి తెలియనివాడు ఎందుకు పిలుస్తాడమ్మా? ఒకే భుజం మీద కొండంతా ఎక్కేవారు, దిగేవారు.

బోయీల పెద్ద పేరు సోమన్న. అతని భార్య అంకమ్మ. ఒక సాయంత్రం మొగుడి వీపు మీద నీళ్లు పోస్తూ ఆమె ఆగిపోయింది. ఎడమ భుజం మీద తోలు లేదు. లోపల తెల్లగా ఎముక కనిపిస్తోంది.

"ఏమయ్యా, ఈ పుండేంటి?"

"ఏ పుండు?" అన్నాడు సోమన్న.

ఆ మాటకు అంకమ్మ చేతిలో చెంబు జారిపోయింది.

ఆమె మాత్రలు దాచేసింది. సోమన్న వణికాడు, వాంతులు చేసుకున్నాడు, పాక్కుంటూ వెళ్లి వైద్యుడి గుమ్మం ముందు చెయ్యి చాపాడు. ఈ మనిషి నాకు దక్కడు అనుకుంది అంకమ్మ.

ముందు వైద్యుడి దగ్గరికే వెళ్లింది. "అయ్యా, మా ఆయనకు మాత్ర ఇవ్వకండి."

"మందు అడిగింది నీ మొగుడు, నువ్వు కాదు. వాణ్ని నొప్పితో అరవమంటావా?"

"అరవమనే అంటున్నా సామీ. నొప్పి తెలిస్తేనే కదా భుజం మార్చేది!"

"వైద్యం నాకు నేర్పుతున్నావా? దిగు గుమ్మం" అన్నాడు భట్టు.

తర్వాత తలారి దగ్గరికి వెళ్లింది. తలారి తలపాగా సర్దుకున్నాడు. "కొట్టాడా? దోచుకున్నాడా? మందిచ్చాడు. మందివ్వడం నేరమని ఏ శాసనంలో ఉందో చూపించు తల్లీ. ఇంటికెళ్లు."

ఇక మిగిలింది రాజు. మహీధరవర్మ ముసలివాడు. తగువులు వినీ వినీ అలిసిపోయినవాడు. అంకమ్మ మాట సగం విన్నాడు, కళ్లు మూసుకున్నాడు. "నల్లమందు ఇచ్చిన వైద్యుడెవడైనా సరే, చెరసాలకే. దండోరా వేయించండి" అన్నాడు. అక్కడితో పని అయిపోయిందనుకున్నాడు.

పని అలా అవుతుందా, చెప్పండి?

వీధి గుమ్మం మూసిన భట్టు దొడ్డి గుమ్మం తెరిచాడు. చాపిన చేతులు అవే, పడిన మాత్రలు అవే. సోమన్న ఇప్పుడు దొడ్డిదారిన వెళ్లి వస్తున్నాడు. అంకమ్మ ఏడవడం కూడా మానేసింది.

అదే ఊళ్లో పేరిశాస్త్రి అని ఇంకో ముసలి వైద్యుడు ఉండేవాడు. ఒకనాడు కొండచరియ విరిగి ఒక రాతిపనివాడి కాలు నలిగిపోయింది. వాడి అరుపు వినలేక ఊరు చెవులు మూసుకుంది. శాస్త్రి దండోరా విన్నవాడే. అయినా నల్లమందు తీశాడు, కొంచెం నాకించాడు, వాడికి నిద్ర పట్టేదాకా తల దగ్గరే కూర్చున్నాడు.

భటులు ఆయన్నీ పట్టుకున్నారు. దొడ్డిదారిలో భట్టునూ పట్టుకున్నారు. ఇద్దరినీ సభలో నిలబెట్టారు.

"ఇద్దరూ ఇచ్చింది ఒకే మందు. ఒకే శిక్ష" అన్నాడు మంత్రి.

భట్టు చేతులు జోడించాడు. "వైద్యం అనుకునే ఇచ్చాను ప్రభూ! ఏడ్చేవాడికి నొప్పి తీర్చాను. అందులో కీడుందని నాకేం తెలుసు?"

"నేనూ వైద్యం అనుకునే ఇచ్చాను" అన్నాడు శాస్త్రి. "వాడి కాలు చూశాక శాసనం గుర్తుకొచ్చింది. అయినా ఇచ్చాను. చెరసాలకు పంపితే వెళ్తాను. వాడి కట్టు మాత్రం రేపు ఎవరైనా మార్చాలి ప్రభూ."

రాజు నిట్టూర్చాడు. మాటలు ఒక్కటే. మందు ఒక్కటే. మనసులో ఏముందో చూసేదెలా? చాలాసేపు స్వామిని తలుచుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఇద్దరూ కొండెక్కి స్వామి ముందు ప్రమాణం చేయండి. డోలీల్లోనే వెళ్లండి. ఎవరి డోలీని వారి దగ్గర వైద్యం చేయించుకున్న బోయీలే మోస్తారు."

మర్నాడు కొండ కింద ఊరంతా చేరింది. శాస్త్రి తన డోలీ దగ్గరికి వెళ్లి ముందున్నవాడి భుజం తడిమాడు. "ఒరే సింగన్నా, ఈ పుండు ఇంకా పచ్చిగానే ఉందిరా. అందరికంటే ముందు నువ్వే కేకెయ్యి. అసలు నేను నడుస్తాలే."

"కూచోండి శాస్త్రిగారూ! మీ బరువెంత, గుళ్లో చేతిగంటంత!" అన్నాడు సింగన్న. జనం నవ్వారు.

రెండో డోలీ దగ్గర సోమన్న, మరో ముగ్గురు నిలబడ్డారు. నలుగురి చేతులూ వణుకుతున్నాయి. భట్టు దర్జాగా డోలీలో కూర్చున్నాడు.

"భట్టుగారూ," అన్నాడు రాజు, "వీళ్లకు మాత్ర వేళయింది. మీ చేత్తోనే ఇవ్వండి. తర్వాత బయలుదేరుదురుగాని."

నలుగురూ చేతులు చాపారు. భట్టు చెయ్యి సంచీ దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఇప్పుడెందుకు ప్రభూ? కిందికి దిగాక ఇస్తాను."

"ఏడ్చేవాడికి నొప్పి తీర్చే చెయ్యి కదా మీది. నొప్పితో మోయమంటారా?"

భట్టు లోయ వైపు చూశాడు. ఒక్క ఉదుటున డోలీలోంచి దూకేశాడు.

"నొప్పి తెలిస్తేనే కదా ప్రభూ భుజం మార్చేది! మాత్ర వేసుకున్నవాడికి ఒళ్లే తెలియదు. అడుగు తప్పితే నా గతేం కాను?"

జనంలోంచి ఒక ముసలమ్మ అంది: "అదే మాట అంకమ్మ అంటే గుమ్మం దింపేశావు కదయ్యా!"

"అయితే మీకు తెలుసన్నమాట" అన్నాడు రాజు. గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "తెలియక ఇచ్చుంటే మందలించి వదిలేవాణ్ని. మీ ప్రాణం దగ్గరికి వచ్చేసరికి తెలిసింది వీళ్ల ప్రాణం దగ్గర తెలియలేదా? ఇక మీరు మందు ముట్టడానికి వీల్లేదు. పదండి చెరసాలకు."

తర్వాత శాస్త్రి వైపు తిరిగాడు. "తప్పు నాదీ ఉంది. మనిషిని చూడకుండా మందుకు శిక్ష వేశాను. ఆ దండోరా రద్దు. వీళ్ల చేత ఈ మాత్ర మాన్పించే దారి ఏదైనా ఉందా?"

"ఉంది ప్రభూ. ఒక్కసారిగా మాన్పిస్తే తట్టుకోలేరు. రోజూ చూడాలి, కొంచెం కొంచెం తగ్గించాలి. చాలా కాలం పడుతుంది" అన్నాడు శాస్త్రి.

చాలా కాలమే పట్టింది. ఎన్ని రాత్రులు అంకమ్మ మొగుడి తల ఒళ్లో పెట్టుకుని స్వామి పేరు జపించిందో ఆ స్వామికే తెలియాలి. ఆ నలుగురు బోయీల్లో ఇద్దరే మాత్ర మాని నిలిచారు. ఒక తెల్లవారుజామున సోమన్న లేచి కూర్చున్నాడు. "అంకీ, భుజం నొప్పిగా ఉందే" అన్నాడు. అంకమ్మ రెండు చేతులూ ఎత్తి కొండకు మొక్కింది.

ఆ భుజం మళ్లీ డోలీ ఎత్తలేదు నాయనా. అంతా బాగైపోయిందని మీకు చెప్పాలనే ఉంది, కానీ కాలేదు. సోమన్న కొండదారి మలుపులో రాతి మీద కూర్చునేవాడు. డోలీ రాగానే మోసేవాళ్ల నడక చూసి, వాళ్లకంటే ముందే "భుజమో!" అని కేక వేసేవాడు. వాళ్లు ఆగేవారు. భుజం మార్చుకునేవారు.

అందుకే పిల్లలూ, గుర్తుంచుకోండి: నొప్పి ఎక్కడని అడిగి పక్కన కూర్చునేవాడే వైద్యుడు, తాను భయపడే మందును తెలిసీ పరులకు పంచేవాడు, ఎంత చదివినా, దోషే.